అడిగే ముందే హద్దు: మహమ్మారి కాలపు యాప్‌లు, ప్రజల నమ్మకం

కోవిడ్ రోజుల్లో ప్రభుత్వాలు జనం చేతికిచ్చిన కాంటాక్ట్ ట్రేసింగ్ యాప్‌ల గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. వాటిని జనం ఎందుకు నమ్మారు, ఎక్కడ నమ్మలేకపోయారు అన్నదే నా ప్రశ్న.

ఇద్దరు మనుషులు కొంతసేపు దగ్గరగా ఉంటే, వారి ఫోన్లు బ్లూటూత్ ద్వారా ఒకదాని సంకేతాన్ని మరొకటి నమోదు చేసుకుంటాయి. ఒకరికి వ్యాధి సోకిందని తేలితే రెండోవారికి హెచ్చరిక అందుతుంది. ఇద్దరి దగ్గరా యాప్ ఉంటేనే ఇది సాధ్యం. పదిమందిలో ఆరుగురు వాడుతున్నారనుకుందాం. ఎదురుపడిన ఇద్దరి దగ్గరా అది ఉండే అవకాశం నూటికి 36 మాత్రమే. కాబట్టి జనామోదం లేకపోతే ఈ సాధనమే లేదు.

సింగపూర్ అనుభవం చూడండి. 2020 మార్చి 20న అక్కడ ట్రేస్‌టుగెదర్ యాప్ వచ్చింది. ఫోన్ వాడలేని వృద్ధుల కోసం జేబులో పెట్టుకునే చిన్న టోకెన్లూ పంచారు. సమాచారాన్ని వ్యాధి సోకినవారి సన్నిహితులను గుర్తించడానికే వాడతామని ప్రభుత్వం చెప్పింది. సుమారు 78 శాతం మంది చేరారు. 2021 జనవరిలో పార్లమెంటులో అసలు సంగతి బయటపడింది: నేర విచారణ చట్టం కింద పోలీసులు ఆ సమాచారం తీసుకోవచ్చు. ఒక హత్య కేసులో అప్పటికే తీసుకున్నారు కూడా. జనం నొచ్చుకున్నారు. నెల తిరిగేలోగా ప్రభుత్వం చట్టం తెచ్చి, ఏడు రకాల తీవ్ర నేరాలకే ఆ అధికారాన్ని పరిమితం చేసింది. తప్పు దిద్దుకోవడం మెచ్చదగినదే. కానీ ఆ హద్దును మొదటి రోజే గీసి ఉండాల్సింది.

నార్వేలో 2020 ఏప్రిల్‌లో వచ్చిన స్మిట్టెస్టాప్ యాప్ జనం తిరిగిన చోట్లను కూడా ఒకే కేంద్రంలో భద్రపరిచింది. జూన్‌లో సమాచార రక్షణ సంస్థ అభ్యంతరం చెప్పగానే ప్రజారోగ్య సంస్థ సేకరణ ఆపి, ఉన్న సమాచారాన్ని తుడిచేసింది. అదే జూన్‌లో జర్మనీ వేరే దారి పట్టింది. యాప్ సోర్స్ కోడ్‌ను అందరి ముందు ఉంచింది, కలయికల వివరాలను ఎవరి ఫోన్‌లో వారికే వదిలేసింది. అధికారి మాట మారినా దుర్వినియోగానికి అక్కడ చోటు తక్కువ.

మన ఆరోగ్య సేతు 2020 ఏప్రిల్ 2న వచ్చింది. మే 1న కేంద్ర హోం శాఖ దాన్ని ఉద్యోగులందరికీ తప్పనిసరి చేసింది, మే 17న సడలించింది. దాని ఆండ్రాయిడ్ వెర్షన్ కోడ్‌ను బయటపెట్టింది మే 26న. అంటే నిర్బంధం ముందొచ్చింది, పారదర్శకత తర్వాత వచ్చింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చినా, ఆ రోజుకు మనకు ప్రత్యేకమైన సమాచార రక్షణ చట్టం లేదు. యాప్‌ను ఎవరు తయారుచేశారన్న ప్రశ్నకు సరైన జవాబు రాలేదని 2020 అక్టోబరులో కేంద్ర సమాచార కమిషన్ అధికారులకు నోటీసులిచ్చింది. కోట్లమంది దాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నారు. నిజమే. భయంతోనో ఆజ్ఞతోనో చేసుకున్న డౌన్‌లోడ్‌ను సమ్మతిగా లెక్కకట్టలేం.

దీనికి భిన్నంగా, తెలంగాణలో 2021 మేలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి జ్వరాల సర్వే చేశారు. వారు ఎవరో, ఎందుకు అడుగుతున్నారో ఊరికి తెలుసు. యాప్‌కు ఆ ముఖపరిచయం ఉండదు కనుక ఆ లోటును చట్టమే పూడ్చాలి.

2023లో మనకు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అయితే అందులో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులిచ్చే వీలుంది. రాబోయే మహమ్మారికి అది చాలదు. సమాచారం ఏ పనికి, ఎవరి చేతికి, ఎన్నాళ్లకు అన్న మూడు ప్రశ్నలకూ యాప్ విడుదలకు ముందే చట్టంలో జవాబుండాలి. గడువు తీరగానే తుడిచివేశారో లేదో స్వతంత్ర సంస్థ తనిఖీ చేయాలి. స్మార్ట్‌ఫోన్ లేనివారికి రేషనూ ప్రయాణమూ వైద్యమూ ఆగకూడదు.

ఈ సభలోని విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. మీలో కొందరు రేపు ఇలాంటి సాధనాలు తయారుచేస్తారు, కొందరు ఆజ్ఞలపై సంతకాలు పెడతారు. జనాన్ని సహకరించమని అడిగే ముందు మీ అధికారానికి మీరే హద్దు రాసివ్వండి. ఆ కాగితం చూపించగలిగినప్పుడే అడిగే హక్కు మీకుంటుంది.