స్కోపు కంటే ముందు దాని పట్టు చూడండి

(అడవి పందుల సమస్యపై రైతు సంఘం జరిపిన సమావేశంలో లైసెన్సున్న షూటర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నేనూ రైతు బిడ్డనే. కంకి పాలు పట్టే వేళకు మక్క చేను పందుల పాలైతే ఆ ఇంట్లో ఎట్లుంటదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నష్టపరిహారం గురించి పెద్దలు ఇందాకే మాట్లాడారు. నేను ఒక చిన్న సంగతికే పరిమితమవుతాను. మీరు షూటర్‌ను పిలిపించుకున్నప్పుడు అతని రైఫిల్‌లో ఏం చూడాలన్నదే ఆ సంగతి.

ముందు చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం పంటను నాశనం చేసే పందిని చంపడానికి రాతపూర్వక అనుమతి ఉండాలి. తెలంగాణలో సర్పంచులకూ ఆ అధికారం ఇచ్చారు. కాగితం లేకుండా కాలిస్తే కేసవుతుంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట రక్షణకు చెప్పింది మూతి నుంచి మందు కూరే తుపాకి. అది చాలదని అధికారి నమ్మితే నున్నటి గొట్టం తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చు. రైఫిల్ మాట అక్కడ లేదు. కాబట్టి స్కోపు పెట్టిన రైఫిల్ మీ ఊళ్లోకి మాలాంటి వాళ్ల చేతుల్లోనే వస్తుంది.

స్కోపు ఎంత పెట్టి కొన్నావని అందరూ అడుగుతారు. దాన్ని తుపాకికి పట్టి ఉంచే బేసు, రింగుల గురించి ఒక్కరూ అడగరు. లెక్క చూడండి. రెండు రింగుల మధ్య దూరం 10 సెంటీమీటర్లు అనుకుందాం. తుపాకి తన్నుకు ఒక రింగు 0.1 మిల్లీమీటరు, అంటే ఇంచుమించు వెంట్రుక మందం, పక్కకు జరిగితే 100 మీటర్ల దగ్గర గురి 10 సెంటీమీటర్లు తప్పుతుంది. గుండెకు తగలాల్సింది పొట్టకు తగులుతుంది.

ఇది నాకు జరిగింది. కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో మంచె మీద నుంచి కాల్చాను. పంది పడలేదు, రక్తం కారుతూ పక్క పత్తి చేలోకి దూరింది. తెల్లారితే ఆ చేలోకి పత్తి ఏరడానికి కూలీలు వస్తారు. గాయపడిన పంది మనిషి మీదికి ఎట్లా వస్తుందో మీకు తెలుసు. రాత్రే ఊరందరికీ చెప్పించి, పొద్దున ఎవరినీ చేలోకి దిగనీయలేదు. పదకొండు గంటలకు వాగు ఒడ్డున దొరికింది. తర్వాత చూస్తే ముందు రింగు స్క్రూ చేతితోనే తిరిగింది. తప్పు నాదే. ఆ రోజు కూలి పోయింది మాత్రం వాళ్లది.

ఇక ఎంపిక. స్కోపు గొట్టం ఒక అంగుళం అయితే అంగుళం రింగు, 30 మిల్లీమీటర్లయితే 30 రింగు. మధ్యలో రబ్బరు ముక్క పెట్టి సరిపెట్టడం మన అలవాటు, ఇక్కడ అది పనికిరాదు. బేసుల్లో వీవర్ అని, పికటిని అని రెండు రకాలు. చూడ్డానికి ఒకటే. కానీ వీవర్ గాడి 4.57 మిల్లీమీటర్లు, పికటినిది 5.23. వీవర్ రింగు పికటిని మీద సాధారణంగా కూర్చుంటుంది, పికటిని రింగు వీవర్ గాడిలో పట్టకపోవచ్చు. ఎయిర్ గన్ను రింగులు చవగ్గా దొరుకుతాయి. రైఫిల్ తన్నుకు అవి ఆగవు.

ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం. స్కోపు ముందు గిన్నె గొట్టానికి తగలకూడదు, బోల్టు పిడి ఎత్తినప్పుడు అడ్డు రాకూడదు. అంతకు మించి ఎత్తు అక్కర్లేదు. ఎత్తు ఎక్కువైతే చెంప కట్టెకు ఆనదు, ఆనకపోతే ప్రతిసారీ తల ఒక్కో చోట ఉంటుంది. కన్నుకూ స్కోపుకూ మధ్య మూడు నాలుగు అంగుళాలు వదలాలి. వదలని వాడికి కనుబొమ్మ మీద కుట్లు పడతాయి. మన దేశపు పాత .315 రైఫిళ్లు చాలావాటికి బేసు బిగించే రంధ్రాలే ఉండవు. వాటిని లైసెన్సున్న తుపాకి మెకానిక్ చేతనే వేయించాలి, ఊరి వెల్డింగు షాపులో కాదు.

బిగింపు ట్రాక్టరు చక్రం నట్ల లాగానే. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోవద్దు, ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పుకుంటూ రావాలి. ముందు నూనె తుడవాలి. రింగు స్క్రూలకు 2 న్యూటన్ మీటర్లు చాలు, బలం చూపిస్తే గొట్టం నొక్కుకుపోతుంది. బిగించాక స్క్రూ తల మీదుగా రింగు మీదికి గోళ్ల రంగుతో ఒక గీత గీస్తాను. గీత విరిగినట్టు కనిపిస్తే స్క్రూ తిరిగిందన్నమాట. మా ఇంట్లో ఆ సీసా ఎక్కడికి పోతుందో అని చాలా రోజులు వెతుక్కున్నారు.

షూటర్ వచ్చిన రోజు పొద్దు గూకకముందే మట్టి గుట్టకు కాగితం ఆనించి, 50 మీటర్ల నుంచి మూడు తూటాలు కాల్చమనండి. మూడూ అరచేతిలో పట్టేంత దగ్గరగా పడాలి. తూటాలు ఖరీదు, వృథా అని కొందరు గొణుగుతారు. ఆ మూడింటి ఖర్చు రైతులంతా తలా కొంత వేసుకుని ఇవ్వండి. అవి చెదిరితే ఆ రాత్రికి అతన్ని మంచె ఎక్కనివ్వకండి. అట్లాగని చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం పెట్టకండి, దానికి పందీ మనిషీ తేడా తెలియదు. ఆ ఒక్క రాత్రికి డప్పులతో, టార్చిలతో కాపలా కాయండి. తెల్లారి అతను రింగులు సరిచేసుకుని మళ్లీ కాగితం మీద కాల్చి చూపిస్తాడు.