మ్యాప్‌లో ఖాళీగా ఉన్న బస్తీ కథ

ముందు ఒక చిన్న పని. ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేసి మీ వీధి దాకా జూమ్ చేయండి. కిరాణా కొట్టో, గుడో, ఏదో ఒకటి కనిపిస్తుంది కదా? వేలమంది ఉండే చోటు ఖాళీగా కనిపిస్తే?

టాంజానియాలో అతి పెద్ద సిటీ దార్ ఎస్ సలామ్. అందులో టాండాలె అని ఒక వార్డు. ఫేమస్ సింగర్ డైమండ్ ప్లాట్నమ్జ్ పెరిగింది అక్కడే. 2018లో వచ్చిన ఆయన ఆల్బమ్ పేరే ‘ఎ బాయ్ ఫ్రమ్ టాండాలె’. కానీ 2011 వరకు ఆన్‌లైన్ మ్యాప్‌లో ఆ వార్డు దాదాపు ఖాళీ. ప్లాన్ లేకుండా పెరిగిన బస్తీ, అన్నీ ఇరుకు సందులే.

ఆ ఏడాది అర్ధి యూనివర్సిటీ స్టూడెంట్లు, అక్కడి జనం కలిసి జీపీఎస్ పట్టుకుని సందు సందూ తిరిగారు. నీళ్ల కుళాయిలు, టాయిలెట్లు, చెత్త కుప్పలు, అన్నీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే ఎవరైనా ఎడిట్ చేయగలిగే ఫ్రీ మ్యాప్.

2015లో ఇదే పని ‘రమానీ హురియా’ పేరుతో సిటీలో వరద వచ్చే చాలా వార్డులకు పాకింది. స్వాహిలీలో ఆ మాటకి అర్థం ‘ఓపెన్ మ్యాప్’.

వరదకీ మ్యాప్‌కీ ఏంటి సంబంధం అంటారా? టాండాలె పక్కన ఎన్‌గోంబె అనే చిన్న నది ఉంది. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. డ్రైన్ చెత్తతో మూసుకుపోతే నీళ్లు నేరుగా ఇళ్లలోకే.

నేను కూడా కొన్ని వీకెండ్‌లు శాటిలైట్ ఫొటో చూసి ఇలాంటి బస్తీల ఇళ్లు గీశాను. గంటలో వంద రేకుల కప్పులు. భలే చేశా అనుకున్నా. తర్వాత అర్థమైంది, పైనుంచి కప్పు కనిపిస్తుంది గానీ, గోడ మీద నీటి మరక కనిపించదు. పోయినసారి నీళ్లు మోకాలి దాకా వచ్చాయా, నడుము దాకా వచ్చాయా? ఏ డ్రైన్ ముందు పొంగుతుంది? అది ఆ ఇంట్లో ఉండే అమ్మకే తెలుసు. రమానీ హురియా వాళ్లు వెళ్లి అడిగింది అలాంటి వాళ్లనే.

మ్యాప్ వరదని ఆపదు. డ్రైన్ తవ్వాల్సింది మనుషులే. కానీ ‘మా దగ్గర నీళ్లొస్తున్నాయి’ అనడం వేరు, ‘ఇదిగో, ఈ డ్రైన్, ఇన్ని ఇళ్లు’ అని చూపించడం వేరు. రెండోదాన్ని పక్కన పెట్టేయడం అంత ఈజీ కాదు.

ఈ వానాకాలం మీ వీధిలో నీళ్లు నిలిచే చోటు ఒక్కటి చూడండి. దాని పక్కన ఉన్న కాలువ మ్యాప్‌లో ఉందా? లేకపోతే మీరే పెట్టండి. పెట్టాక కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!