127 సంతకాలు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



నన్ను పొదుపు మీద మాట్లాడమన్నారు. ఆ లెక్కలు మన అకౌంటెంట్ అమ్మాయి ఇందాకే చదివింది, నాకన్నా బాగా చదివింది. నేను సంతకం గురించి చెబుతాను. అమెరికాలో సిస్టర్ జోన్ చిట్టిస్టర్ అని ఒక క్యాథలిక్ సన్యాసిని ఉన్నారు. ఆవిడ కథ వింటే నేను సంతకం అని ఎందుకన్నానో మీకే తెలుస్తుంది.

ఆవిడ 1936లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. మారుతండ్రి తాగి తల్లిని కొట్టేవాడు. ఆ సంగతి ఆవిడ చాలా ఏళ్లు బయట చెప్పుకోలేదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎంతమందికి అలాంటి రాత్రులు తెలుసో నేను అడగను.

1952లో, 16 ఏళ్ల వయసులో, ఈరీ పట్టణంలోని బెనెడిక్టు సిస్టర్ల మఠంలో చేరారు. చేరిన కొద్ది రోజులకే పోలియో వచ్చింది. మళ్లీ నడవడానికి ఏళ్లు పట్టింది. ఆవిడకు రాయాలని ఒకటే కోరిక. రచన నేర్పే చదువుకు అయోవా విశ్వవిద్యాలయంలో సీటు కూడా వచ్చింది. మఠం పెద్ద వద్దని చెప్పి, వేసవి క్యాంపులో వంటకు పంపింది! ఆ గరిటె పట్టిన చేతే తర్వాత 50కి పైగా పుస్తకాలు రాసింది. ప్రార్థన గురించి, పేదరికం గురించి, అణుబాంబుల గురించి, చర్చిలో ఆడవాళ్ల చోటు గురించి.

ఆ మఠంలో రోజూ కలిసి ప్రార్థన చేస్తారు, మౌనంగా కూర్చుంటారు, కొంచెం చదివి దాన్నే మనసులో నెమరేసుకుంటారు. ఆ సిస్టర్లే 1974 నుంచి ఊళ్లో ఆకలితో ఉన్నవాళ్లకు అన్నం పెడుతున్నారు. 6వ శతాబ్దంలో బెనెడిక్టు రాసిన నియమావళి వాళ్లకు ఆధారం. అది వినడంతోనే మొదలవుతుంది. ముఖ్యమైన పని పడితే మఠం పెద్ద అందర్నీ కూర్చోబెట్టి అడగాలి, అందరికన్నా చిన్నవాళ్లు చెప్పేదీ వినాలి అని అందులో ఉంది. (మన సమావేశాల్లో కొత్తగా చేరిన కోడళ్లను ఎవరైనా అడుగుతున్నామా?)

ఇక 2001 సంగతి. ఆడవాళ్లను గురువులుగా అభిషేకించే అధికారం చర్చికి లేదని 1994లోనే పోపు గారు తేల్చి చెప్పారు. ఆ విషయం మీదే ఐర్లండులోని డబ్లిన్‌లో మహాసభ పెట్టి సిస్టర్ జోన్‌ను మాట్లాడమన్నారు. ఆమె వెళ్లకూడదని ఆజ్ఞాపించమంటూ, లేకపోతే శిక్ష తప్పదంటూ వాటికన్ నుంచి మఠానికి ఉత్తరం వచ్చింది. అప్పటి మఠం పెద్ద సిస్టర్ క్రిస్టీన్ వ్లాదిమిరాఫ్. ఆవిడ ప్రార్థించారు, సిస్టర్లతో మాట్లాడారు, స్వయంగా రోముకు వెళ్లి చెప్పి వచ్చారు. చివరికి, ఈ ఆజ్ఞ నా నోటితో ఇవ్వలేనని జవాబు రాశారు. ఆ జవాబు మీద, సంతకం పెట్టే హక్కున్న 128 మంది సిస్టర్లలో 127 మంది ఇష్టపూర్వకంగా సంతకాలు చేశారు.

ఒక్కరు పెట్టలేదు. నాకు ఆ ఒక్కటీ నచ్చింది. ఎవరి సంతకం వారిదేనని దానివల్లే తెలుస్తోంది కదా.

సిస్టర్ జోన్ డబ్లిన్ వెళ్లారు, మాట్లాడారు. శిక్ష ఏదీ పడలేదు.

ఇప్పుడు మన సంగతి. పోయినేడు ఒక ఊళ్లో సంఘం అక్క మినిట్స్ పుస్తకం పట్టుకొని నా దగ్గరకొచ్చింది. 2 లక్షల అప్పు తీర్మానంలో తన వేలిముద్ర ఉందట. బ్యాంకు నోటీసు వచ్చేదాకా తెలియదట. “లీడరమ్మ వెయ్యమంటే వేశానమ్మా, అందరూ వేశారు” అంది. అందరూ వేశారు, నిజమే. ఆ పేజీ ఏమిటని ఒక్కరూ అడగలేదు. ఆ అప్పు ఆమె ఇంకా కడుతోంది.

భోజనాలయ్యాక తీర్మానాల పుస్తకం మీ ముందుకొస్తుంది. నాలుగో తీర్మానం అప్పుల మీద వడ్డీ గురించి. చదవడం రానివాళ్లు పక్కన చదువుకున్న పిల్ల ఎవరుంటే వాళ్లచేత చదివించుకోండి. ఎవరూ దొరక్కపోతే ఆ వేపచెట్టు కింద నేనుంటాను, రండి. ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు చదువుతాను. సంతకం పెట్టాలో వద్దో మాత్రం నన్నడగొద్దు.