జర్మనీలో ఫీజు లేదు సరే... మూడో అటెంప్ట్ గురించి ఎవరైనా చెప్పారా?



మీలో చాలామంది నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అన్నా, జర్మనీలో ఫీజు లేదంట కదా, నిజమేనా?" చాలావరకు నిజమే. అందుకే ఇవాళ ఫీజు గురించి రెండు ముక్కలు చెప్పేసి పక్కన పెడతా. అసలు మాట్లాడాల్సింది పరీక్షల గురించి. ఎందుకంటే ఇక్కడ మాస్టర్స్‌లో నేను ఒక సబ్జెక్ట్ రెండుసార్లు ఫెయిల్ అయ్యాను. మూడోసారి కూడా పోయి ఉంటే, ఈ వీడియో ఇక్కడ కూర్చుని చేసేవాడిని కాదేమో. ఈ విషయం ఇంతవరకు కెమెరా ముందు చెప్పలేదు.

ముందు డబ్బు సంగతి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు. ప్రతి సెమిస్టర్‌కీ కొంత సెమిస్టర్ కంట్రిబ్యూషన్ మాత్రం కట్టాలి. కానీ అన్ని చోట్లా ఇలా లేదు. బాడెన్ వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటి యూరప్ బయటి స్టూడెంట్స్‌కి సెమిస్టర్‌కి 1500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి కొత్తగా చేరేవాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటోంది. ఇక వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అంటే నెలకి 992. యూరో వంద రూపాయలు అనుకున్నా దాదాపు 12 లక్షలు. మా నాన్న ఖమ్మంలో ఒక చిన్న షాపు నడుపుతారు. ఆ 12 లక్షల్లో ఎక్కువ భాగం అప్పే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

ఇప్పుడు పరీక్షలు. మనం బీటెక్ ఎలా చదివాం? నిజం చెప్పుకుందాం. సెమిస్టర్ మొత్తం తిరిగి, చివరి వారం ఆల్ ఇన్ వన్ కొనుక్కుని, ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చదివి రాసేవాళ్లం. పోతే సప్లీ. అది పోతే మళ్లీ సప్లీ. కోర్సు పూర్తి చేయడానికి ఇన్నేళ్లు అని లెక్క ఉంటుంది గానీ, ఒక పేపర్ ఇన్నిసార్లే రాయాలని మనల్ని ఎవరూ ఆపలేదు. మా బ్యాచ్‌లో ఒకడు మ్యాథ్స్ పేపర్ ఆరుసార్లు రాసి పాసయ్యాడు. ఆ రోజు అందరికీ బిర్యానీ కూడా పెట్టాడు.

ఇక్కడ అలా కుదరదు. చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకి మొత్తం మూడు అవకాశాలే. మూడోసారి కూడా ఫెయిలైతే జర్మన్‌లో ఒక మాట వాడతారు, "ఎండ్‌గ్యుల్టిగ్ నిష్ట్ బెష్టాండెన్" అని. అంటే ఇంక శాశ్వతంగా ఫెయిల్. అది తప్పనిసరి సబ్జెక్ట్ అయితే ఆ కోర్సు నుంచి పేరు తీసేస్తారు. పక్క ఊళ్లో వేరే యూనివర్సిటీకి వెళ్లి అదే కోర్సులో చేరదామన్నా సాధారణంగా ఒప్పుకోరు. పైగా మన వీసా చదువు కోసం ఇచ్చిన వీసా. చదువు ఆగిపోతే దాని సంగతీ ప్రశ్నలో పడుతుంది. కొన్ని యూనివర్సిటీల్లో రూల్ వేరుగా ఉంటుంది, కొన్నిచోట్ల లిమిటే ఉండదు. అందుకే మీ కోర్సు "ప్రూఫుంగ్స్ ఓర్డ్‌నుంగ్", అంటే పరీక్షల రూల్స్ పుస్తకం, అప్లై చేసే ముందే చదవండి. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే పీడీఎఫ్ ఉంటుంది. నన్ను ఇక్కడికి పంపిన కన్సల్టెన్సీ వాళ్లు ఈ మాట ఒక్కసారి కూడా చెప్పలేదు. నేనూ అడగలేదు, అది నా తప్పు.

మార్కులు కూడా తిరగేసి ఉంటాయి. 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 అంటే పాస్, 5.0 అంటే ఫెయిల్. ఇంటర్నల్స్‌లో వచ్చే మార్కులు మనల్ని గట్టెక్కిస్తాయనుకోకండి. చాలా సబ్జెక్టుల్లో చివర్లో ఒక్క రాతపరీక్ష, 90 నిమిషాలో 120 నిమిషాలో. గ్రేడ్ మొత్తం దాని మీదే.

ఇప్పుడు నా కథ. నేను తూర్పు జర్మనీలో ఒక ఊళ్లో చేరాను. మొదటి సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలైంది. అటెండెన్స్ తీసుకోరు అని తెలిసిన రోజు నా ఆనందం మామూలుగా లేదు. వారంలో మూడు రోజులు ఒక గోడౌన్‌లో పార్ట్ టైమ్ చేసేవాణ్ణి, సాయంత్రం మొదలుపెడితే అర్ధరాత్రి దాకా. మనకి ఏడాదికి 140 ఫుల్ డేస్ లేదా 280 హాఫ్ డేస్ పని చేసే హక్కు ఉంది. ఆ లెక్క నేను దాటలేదు. కానీ పొద్దున ఎనిమిదింటి క్లాసుకి లేవలేకపోయేవాణ్ణి. స్లైడ్స్ ఆన్‌లైన్‌లో ఉన్నాయిగా, తర్వాత చూద్దాం అనుకున్నా.

ఫిబ్రవరిలో కంట్రోల్ థియరీ పరీక్ష. 90కి 45 వస్తే పాస్. నాకు 27 వచ్చాయి. సరేలే, మొదటిసారి కదా అనుకున్నా. పాత సాల్వ్డ్ ప్రాబ్లమ్స్ అన్నీ బట్టీ కొట్టి సెప్టెంబర్‌లో మళ్లీ రాశాను. హాల్లోంచి నవ్వుతూ బయటికొచ్చా, అన్ని ప్రశ్నలకీ పేజీలు నింపాను మరి. 38 వచ్చాయి.

ఆ రోజు సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "పరీక్ష ఎట్లా రాశావు నాన్నా?" అంది. "బానే రాశానమ్మా" అన్నాను. ఆ తర్వాత రెండు నెలలు అదే అబద్ధం. ఫోన్ మోగితే భయం. ఇంటికి డబ్బులు పంపినప్పుడు మాత్రం గొంతు పెంచి మాట్లాడేవాణ్ణి. ఆ డబ్బు చూపించి పరీక్ష సంగతి దాచేవాణ్ణి, అంతే.

నన్ను కాపాడింది మా కోర్సులోనే ఉన్న ఒక అక్క, గుంటూరు అమ్మాయి. "పేపర్ చూసుకున్నావా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. ఇక్కడ రిజల్ట్ వచ్చాక మన ఆన్సర్ షీట్ మనం చూసుకోవచ్చు. దాన్ని "క్లౌజూర్ ఐన్‌జిష్ట్" అంటారు. ఫీజు కట్టి రీవాల్యుయేషన్ పెట్టడం లాంటిది కాదు. వాళ్లు చెప్పిన రోజు వెళ్తే పేపర్ చేతిలో పెడతారు, ఎక్కడ మార్కు పోయిందో అడగొచ్చు. నేను మొదటిసారి ఫెయిలైనప్పుడు ఆ మెయిల్ వచ్చింది, తెరవను కూడా లేదు.

ఈసారి వెళ్లాను. ఒక ప్రశ్నలో ఈ సిస్టమ్ ఎందుకు స్టేబుల్‌గా లేదో చెప్పి, దాన్ని సరిచేయడానికి గెయిన్ ఎంత ఉండాలో లెక్కగట్టమన్నారు. నేనేం రాశానంటే, స్టెబిలిటీ అంటే ఏంటి, దాని రకాలు, డయాగ్రమ్, పేజీన్నర. సున్నా మార్కులు. ప్రొఫెసర్ అసిస్టెంట్‌ని అడిగితే కోపంగా ఏమీ చెప్పలేదు. "ఇందులో తప్పేం లేదు, కానీ ఇది మేం అడగలేదు" అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. నాకు సబ్జెక్ట్ అసలు రాకపోవడం కాదు, నేను ఇంకా మన ఊరి పరీక్షే రాస్తున్నాను.

ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. రెండుసార్లు పోయింది, ఒక్కటే మిగిలింది, అది పోతే కోర్సు పోతుంది అని. చాలాసేపు మాట్లాడలేదు. తిడతారేమో అనుకున్నా. "ఆ పని మానేస్తే నీకు చదువుకోడానికి టైమ్ దొరుకుద్దా?" అన్నారు. దొరుకుతుంది అన్నాను. "అయితే మానెయ్. ఈ నాలుగు నెలలు వడ్డీ నేను చూసుకుంటా. నాకు ముందే చెప్తే అప్పుడే మానిపించేవాణ్ణి కదరా" అన్నారు. అంతే. ఆ చివరి మాటే ఇప్పటికీ గుచ్చుకుంటది.

తర్వాత ఏం చేశానో వరసగా చెప్తా, మీకు పనికొస్తుంది. గోడౌన్ పని వారానికి ఒక్క రోజుకి తగ్గించాను, పరీక్షకి ఆరు వారాల ముందు పూర్తిగా ఆపేశాను. ఆ సబ్జెక్ట్ క్లాసులకి మళ్లీ వెళ్లి ముందు బెంచీలో కూర్చున్నా. లెక్చర్ కాకుండా ఎక్సర్‌సైజ్ క్లాస్ అని వేరేగా ఉంటుంది, పరీక్షకి అదే ప్రాణం. డిపార్ట్‌మెంట్ స్టూడెంట్ యూనియన్‌ని ఇక్కడ "ఫాఖ్‌షాఫ్ట్" అంటారు. చాలాచోట్ల వాళ్ల దగ్గర పాత పేపర్లు దొరుకుతాయి. టైమర్ పెట్టుకుని అవి రాశాను. నిద్ర పట్టక స్టూడెంట్ సర్వీసెస్ వాళ్ల కౌన్సెలింగ్‌కి కూడా వెళ్లాను. స్టూడెంట్స్‌కి ఉచితం. పిచ్చి ఉన్నవాళ్లే వెళ్తారు అనుకోకండి.

మూడో అటెంప్ట్‌లో నా గ్రేడ్ 3.7. మన లెక్కలో ఏదో గట్టెక్కినట్టు. ఆ నంబర్ చూసి లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాన్నకి చెప్తే, "4 దాటలేదుగా, చాల్లే" అన్నారు. గ్రేడింగ్ సిస్టమ్ ఆయనకి బాగా వచ్చేసింది.

కానీ అందరి కథా ఇలా అవ్వదు. నాతోపాటు రాసిన ఒక ఫ్రెండ్‌కి మూడోది కూడా పోయింది. వాడు నాకన్నా తెలివైనవాడు, నిజంగా. ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి, వేరే ఊళ్లో వేరే కోర్సులో చేరాడు. పాత సబ్జెక్టులు కొన్ని అక్కడ లెక్కలోకి తీసుకున్నారు. జీవితం అయిపోలేదు, కానీ ఏడాదిన్నర పోయింది.

చివరగా మూడు మాటలు. ఒకటి, పరీక్షకి పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వాలి. రిజిస్టరై, గడువులోపు క్యాన్సిల్ చేయకుండా, వెళ్లకపోతే చాలాచోట్ల ఫెయిల్ కింద రాస్తారు, అంటే ఒక అవకాశం ఖర్చు. ఒంట్లో బాగోకపోతే అదే రోజు డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని వెంటనే పంపండి. ప్రిపేర్ అవ్వకపోతే "చూద్దాంలే" అని వెళ్లకండి, ముందే క్యాన్సిల్ చేయండి. రెండు, మొదటిసారి పోగానే పేపర్ చూసుకోడానికి వెళ్లండి. సిగ్గుపడి నేను ఒక అటెంప్ట్ పోగొట్టుకున్నా. మూడు, ఇంట్లో చెప్పండి. అమ్మానాన్నలు మనం అనుకున్నంత బలహీనులు కాదు.

ఫీజు లేదని వచ్చేవాళ్లని నేను ఆపను, నేనూ అలాగే వచ్చా. కాకపోతే ఆ మూడు అవకాశాల లెక్క తెలుసుకుని రండి. మీ కోర్సు రూల్స్‌లో ఏదైనా అర్థం కాకపోతే అడగండి, నాకు తెలిసినంత చెప్తా. వచ్చే ఎపిసోడ్‌లో ఇల్లు వెతుక్కోవడం గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ, జాగ్రత్త.