జనాభా లెక్కలు - ఇరుగుపొరుగు దేశాలతో కలిసి నేర్చిన విద్య

(పిఠాపురంలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడతాడనుకుంటే జనాభా శాస్త్రమంటాడేమిటని మీరనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి. చివరకు ఈ విషయం మన పెన్షన్ కాగితాల దగ్గరకే వస్తుంది.

మనలో చాలామందిమి ఉద్యోగంలో ఉండగా జనాభా లెక్కల డ్యూటీ చేసినవాళ్లమే. నేను 1981లోనూ 1991లోనూ చేశాను. ఒక పెద్దావిడను "వయసెంతమ్మా?" అని అడిగితే, "గోదావరికి పెద్ద వరదొచ్చిన ఏడు నా పెళ్లయింది బాబూ, నువ్వే లెక్కేసుకో" అంది. అది 1953 వరద. పెళ్లినాటికి పన్నెండేళ్లుంటాయనుకుని ఒక అంకె వేశాను. ఆ మాత్రం ఆధారం కూడా దొరకనివారికి యాభై అనో అరవై అనో వేసేసేవాళ్లం. తీరా చూసుకుంటే కాగితాల నిండా సున్నాతోనూ ఐదుతోనూ ముగిసే వయసులే!

ఇలాంటి తప్పులను పసిగట్టి, సరిచేసి, ఆ అంకెలు ఏం చెబుతున్నాయో తేల్చేదే జనాభా శాస్త్రం. తలలు లెక్కపెట్టడానికి మనలాంటి గుమాస్తాలు, పంతుళ్లు చాలు. ఆ లెక్కను చదవడానికి మాత్రం ప్రత్యేకంగా చదువుకున్నవారు కావాలి. ఐరోపా దేశాలకు పాత జనన మరణ రిజిస్టర్లు ఉండేవి గనుక వారి పద్ధతులు వాటిమీద ఆధారపడ్డాయి. మనకూ మన పొరుగు దేశాల్లో చాలావాటికీ నమ్మదగ్గ రిజిస్టర్లు లేవు. ఇబ్బంది అందరిదీ ఒకటే అయినప్పుడు ఉపాయం కూడా కలిసి వెతకడమే మేలు.

ఆ ఆలోచనతోనే 1956లో బొంబాయిలో జనాభా శిక్షణ, పరిశోధన కేంద్రం వెలిసింది. భారత ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి, సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు కలిసి స్థాపించాయి. మనవాళ్లతోపాటు ఆసియాలోని ఇతర దేశాల ఉద్యోగులు కూడా అక్కడ ఒకే తరగతిలో కూర్చుని చదువుకున్నారు. స్వదేశాలకు తిరిగివెళ్లి అక్కడి లెక్కలు చూసుకున్నారు. ఆ సంస్థే 1985లో విశ్వవిద్యాలయ స్థాయి పొందింది. 1992-93 నుంచి జరుగుతున్న జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలను నడిపించిందీ అదే.

ఈ విద్యలో మన గోదావరి గడ్డకూ చోటుంది. డాక్టర్ శ్రీపతి చంద్రశేఖర్ గారు 1918లో రాజమండ్రిలో పుట్టారు. న్యూయార్కు విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, తిరిగివచ్చి మద్రాసులో జనాభా అధ్యయన సంస్థ స్థాపించారు. చైనా వెళ్లి చూసివచ్చి, 1959లో ఆ దేశపు జనగణనపై పుస్తకం వెలువరించారు. 1967లో కేంద్ర మంత్రి అయి కుటుంబ నియంత్రణ శాఖ చూశారు. పొరుగువాడి లెక్క తెలియకుండా మన లెక్క అర్థంకాదని గ్రహించినవారాయన.

ఒక పద్ధతి చెబుతాను. ఆఫీసు పని చేసినవారికి ఇట్టే బోధపడుతుంది. 1949లో సి. చంద్రశేఖరన్ గారు (ఈయన వేరు) అమెరికా శాస్త్రజ్ఞుడు డెమింగ్‌తో కలిసి దీన్ని ప్రకటించారు. కలకత్తా దగ్గరి సింగూరు ప్రాంతపు వివరాలే దానికి ఆధారం. ఒక ఊరి జనన రిజిస్టరులో 80 పేర్లున్నాయనుకోండి. ఆ రిజిస్టరు చూడకుండా వేరొకరు ఇంటింటికీ తిరిగి 90 పేర్లు రాశారు. రెండింటిలోనూ ఉన్నవి 72. అంటే ఇంటింటికీ తిరిగి పట్టుకున్న 90లో రిజిస్టరుకెక్కినవి నూటికి 80 వంతు. రిజిస్టరు నూటికి 80 పట్టుకుంటోందన్నమాట. అందులో 80 ఉన్నాయి గనుక అసలు జననాలు 100. ఇద్దరికీ చిక్కనివి కూడా లెక్కలోకి వచ్చేశాయి!

1960లలో పాకిస్తాన్ తన తూర్పు, పశ్చిమ భాగాల్లో ఈ రెండు జాబితాల పద్ధతినే వాడింది. మన దేశంలో 1964-65లో ప్రయోగాత్మకంగా మొదలై, 1969-70 నాటికి శాంపిల్ రిజిస్ట్రేషన్ పద్ధతిగా స్థిరపడింది. నడుమ 1965లో రెండు దేశాలకూ యుద్ధం జరిగింది. లెక్కకు మాత్రం సరిహద్దు అడ్డురాలేదు. ఇక బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 1966 నుంచి ఇంటింటికీ తిరిగి జననాలు, మరణాలు, వలసలు నమోదు చేస్తున్నారు. ఆ లెక్కలను ప్రపంచమంతా చదువుతోంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 1992-93 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి 1.7. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదని 1994లో పెట్టిన నిబంధనను 2024లో మన శాసనసభే ఎత్తివేసింది. ముప్ఫై ఏళ్లలో భయం అటునుంచి ఇటు తిరిగింది. రేపటి ప్రశ్న వృద్ధులది, అంటే మనదే. బొంబాయి సంస్థ 2017-18లో 45 ఏళ్లు దాటినవారూ వారి జీవిత భాగస్వాములూ కలిపి 72 వేలమందికి పైగా వ్యక్తులతో మాట్లాడి వృద్ధాప్య సర్వే చేసింది. చైనా 2011లోనే ఇలాంటిది మొదలుపెట్టింది. ప్రశ్నలు పోల్చదగినట్టుగా ఉండడంవల్ల ఒకరి అనుభవం మరొకరికి పనికొస్తుంది.

కాని సర్వేలెన్ని చేసినా మూలం మన ఇంట్లోనే ఉంది. మన సహోద్యోగి ఒకరు పోయాక ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షన్ వచ్చింది. వయసునుబట్టి ఇచ్చే అదనపు పెన్షన్ మాత్రం ఏళ్ల తరబడి రాలేదు. పాత కాగితాల్లో ఆమె పుట్టినతేదీ గడి ఖాళీగా ఉంది. ఆమె మా ఇంటికొచ్చి "నాకెన్నేళ్లో గవర్నమెంటుకు తెలియదంట అన్నయ్యగారూ" అంటే నాకు తల కొట్టేసినట్టయింది. నా సర్వీసులో అలాంటి గడులు ఎన్ని ఖాళీగా వదిలానో!

అందుకని మూడు మనవులు. ఇంటికెళ్లగానే మీ పెన్షన్ కాగితాల్లో మీ ఇంటివారి పుట్టినతేదీ సరిచూసుకోండి. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1వ తేదీ ప్రాతిపదికగా లెక్కించేందుకు 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. లెక్కకు వచ్చినవారికి ఆధారం చూసి అసలు వయసు చెప్పండి, సున్నాకో ఐదుకో సర్దవద్దు. మూడోది, లెక్కల్లో చురుకైన మనవడో మనవరాలో ఉంటే ఈ చదువు సంగతి చెప్పండి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జనాభా పరిశోధన కేంద్రం, తిరుపతిలో జనాభా అధ్యయన శాఖ ఉన్నాయి.

మనం వేసిన అంకెలను సరిగా చదవగలిగే పిల్లలు మన ఇళ్లనుంచే రావాలని కోరుకుంటున్నాను.