విశ్వవిద్యాలయ విద్యార్థుల మనశ్శాంతి
(పాఠశాల వార్షికోత్సవ సభయందు మా సంఘము పక్షమున చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరమును ఈ సభలో ఉత్తీర్ణులైన బాలబాలికల సంఖ్య చెప్పుకొని సంతోషించుచున్నాము. కాని ఇల్లలుకగానే పండుగ కాదు. ఆ పిల్లలు విశ్వవిద్యాలయములలో చేరిన పిదప వారి మనస్సు ఎట్లున్నదో విచారించుట కూడ మన విధియే. నేడు ఆ విషయమునే మనవి చేయదలచితిమి.

మన పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే యైనను, దానిని చాలవరకు ఆంధ్రప్రదేశపు సరిహద్దులే చుట్టియున్నవి. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడును ఇది మైసూరు రాష్ట్రమునందే నిలిచినది. అందుచే మన పిల్లలకు ఇంట తెలుగు, కచేరీలో కన్నడము, పై చదువులలో ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చుట సంపదయే. కాని 2004లో స్థాపింపబడిన తుమకూరు విశ్వవిద్యాలయమునకో, అనంతపురమునందలి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమునకో, బెంగుళూరికో పోయిన తొలియేట, ఉపన్యాసము అర్థముగాక, అడుగుటకు సిగ్గుపడి, “నేనీ చదువునకు తగనేమో” యని కుములువారు కలరు. దానికి తోడు వానలకై ఎదురుచూచు వేరుసెనగ చేను, చదువునకై చేసిన అప్పు జ్ఞాపకము వచ్చుచుండును. తండ్రి నోట ఆ మాట రాకున్నను బిడ్డ ఆ బరువును మోయుచునే యుండును.

ఆందోళన యంతయు చెడ్డది కాదు. పరీక్ష యన్న కొంత భయముండుట సహజము. అమెరికా శాస్త్రజ్ఞులు యెర్క్స్, డాడ్సన్ అనువారు 1908లో ఎలుకలపై పరీక్షలు చేసి, కష్టమైన పని నేర్చునప్పుడు ప్రేరణ మితముగా నున్ననే మేలనియు, మితిమీరిన నేర్పు తగ్గుననియు కనుగొనిరి. నిద్ర పట్టకపోవుట, గుండెదడ, ఆకలి లేమి, ఊరక విసుగుకొనుట, స్నేహితులను తప్పించుకొని తిరుగుట — ఇవి వారములు గడచినను తగ్గనిచో అది సోమరితనము కాదు, వైద్యునికి చూపవలసిన బాధ.

ఇక జీవితమున తృప్తి సంగతి. 1985లో డీనర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును దానిని కొలుచుటకు ఐదు వాక్యములు గల ప్రశ్నావళిని సిద్ధము చేసిరి. ఒక్కొక్క వాక్యమునకు 1 మొదలు 7 వరకు అంకె వేసికొనవలెను. మొత్తము 5 నుండి 35 వరకు వచ్చును. ఆ ఐదింటిలో మార్కుల మాట లేదు, జీతము మాటయు లేదు. తన జీవితము తనకు నచ్చినదో లేదో తానే తూచుకొనవలెను. మనమో, బిడ్డ చేతిలోని త్రాసును లాగుకొని మన తూకపురాళ్లతో తూచుచున్నాము. ఈ లోపము మాయందును కలదు. ఈ వేదికపై మొదటి శ్రేణివారికే దండలు వేయుచు వచ్చితిమి.

ఇది చిన్న విషయము కాదు. 2023లో విశాఖపట్టణమున ప్రవేశపరీక్షకై చదువుచున్న ఒక విద్యార్థిని మరణించినది. ఆ వ్యాజ్యమున 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, విద్యాసంస్థలకు 15 మార్గదర్శక సూత్రములను విధించినది. 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్నచోట తగిన శిక్షణ పొందిన కౌన్సెలరు ఒకరైన ఉండవలెనని వానిలో నొకటి.

చట్టము చేయగలిగినది కొంత, ఇల్లు చేయవలసినది కొంత. పిల్లలకు ఫోను చేసినప్పుడు మొదట “అన్నము తింటివా? నిద్ర పట్టుచున్నదా? మాటాడుకొనుటకు తోడెవరైన దొరికిరా?” యని మన తెలుగున అడుగుడు. మార్కుల మాట తరువాత. ఇతరుల పిల్లలతో పోల్చకుడు. అప్పు సంగతిని దాచి భయపెట్టుటకంటె ఉన్నదున్నట్లు చెప్పి, “అది మా బాధ్యత” యనుడు. ఒక పరీక్ష తప్పినను ఇంటి తలుపు తెరచియే యుండునని వారికి తెలియవలెను. అవసరమైనచో 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ఆరంభమైన ఈ ‘టెలి మానస్’ సేవ ఉచితము. రాత్రింబవళ్లు తెలుగునను, కన్నడమునను పలుకుదురు.

మా సంఘము పక్షమున ఒక మాట ఇచ్చుచున్నాము. ఇకమీదట పై చదువులకు పోవు ప్రతి బిడ్డను, అచ్చట ముందే చదువుచున్న మన పూర్వ విద్యార్థులతో కలిపి పంపుదుము. పరాయి ఊరిలో తన మాట వినువారొకరున్నచో సగము భయము తీరును. మిగిలిన సగము తీర్చుట తల్లిదండ్రులైన మీ చేతిలో నున్నది.

సెలవు.