పంకా విమానం పాతది కాదు

విమానాల గురించి చెప్పమన్నారు.

హైదరాబాదులో క్యూ400 ఎక్కి మన రాజమండ్రిలో దిగినవాళ్లు "పంకాలున్నాయి, పాతదా?" అని నన్నడిగారు. కాదండీ. టొరంటోలోని డౌన్స్‌వ్యూలో పుట్టిన డాష్ 8 1983లో ఎగిరింది. దాన్ని సాగదీసిన ఈ రకం 1998లో. ఆ పంకాను తిప్పేదీ టర్బైనే. దగ్గరి దూరాలకు జెట్ కంటే ఇంధనం తక్కువ తాగుతుంది. చిన్న ఊళ్లకు విమానం వచ్చిందంటే అందుకే.

బిజినెస్ జెట్ కథ మాంట్రియల్‌ది. అమెరికన్ బిల్ లియర్ ఆలోచనను కెనడైర్ కొని, వెడల్పాటి చాలెంజర్‌ను 1978లో ఎగరేసింది. 1980 ఏప్రిల్ 3న మొహావీ ఎడారి మీద స్టాల్ పరీక్ష. అంటే రెక్క లిఫ్ట్ కోల్పోయేదాకా కావాలనే తీసుకెళ్లడం. కోలుకోవడానికి తోకకు కట్టిన పారాచూట్ విచ్చుకుంది, పని అయ్యాక మాత్రం ఊడలేదు. ఇద్దరు దూకి బతికారు, పైలట్ పోయాడు. మా వృత్తిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే: కాపాడాల్సిన పరికరమే పట్టుకుని వదల్లేదు.

అయినా పని ఆపలేదు. ఆ వెడల్పు పొట్టనే సాగదీసి 50 సీట్ల సీఆర్‌జే చేశారు, 1991లో ఎగిరింది.

స్టాల్ సంగతి బొమ్మ గీసి చూపించమని పిల్లలు అడుగుతున్నారు. భోజనాలయ్యాక పదో తరగతి గదిలో ఉంటాను, సుద్దముక్క తెచ్చుకోండి.